పడవ ముసలాయన

మా అన్న అమరేందర్ ఫోనులో ఆడే ఆట చూస్తే నాకు ఒళ్లు మండేది. మూడేళ్లుగా ఒకే మనిషి, ఒకే ప్రయాణం. ఊరూరా తిరిగి అందరినీ పలకరించడం, మూలికలు ఏరుకోవడం, ఎవరికో మాటిచ్చి నిలబెట్టుకోవడం. నాది తుపాకుల ఆట. దిగామా, కాల్చామా, చచ్చామా, ఇరవై నిమిషాల్లో తేలిపోవాలి.

"సచ్చినా ఏమైతదన్నా? మల్ల దిగుతం," అనేవాణ్ణి.

"నీ ఆటల వేలే ఆడుతది విజ్జీ. గీ ఆటల మనిషి ఆడుతడు. ఏం జేసినా గది వానితోనే ఉంటది," అనేవాడు.

ఒకప్పుడు అన్న నా జట్టులోనే ఉండేవాడు. మర్రిగూడ పక్కన మా ఊళ్లో ఎముకల్ని తినే ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగాడు. నన్ను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే మేనత్త పోచంపల్లికి తీసుకుపోయి పెంచింది కాబట్టి నా ఎముకలు బతికిపోయాయి. నేను తిరిగొచ్చేసరికి నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి గాని, ముప్పై ఏళ్లకే అన్న మెడ తిరగదు. వేళ్లు బిగుసుకుపోతుంటే తుపాకుల ఆటలో అందరికంటే ముందు చచ్చేవాడు. అందుకే ఆ ఆటకి మారాడు. అది ఎంతసేపైనా వేలి కోసం ఆగుతుంది.

ఆ వేళ్లు పూర్తిగా పోకముందే ఆట ముగింపు చూడాలని ఆయన ఆశ. నిజం చెప్పాలంటే మిగిలిన ఆశ అదొక్కటే. మొన్న ఆదివారం పొద్దున చివరి దీవి కనిపించే ఒడ్డుకు చేరాడు. అమ్మను కేకేసి మరీ చూపించాడు. అంతలోనే వేళ్లు పట్టేశాయి.

"జర నువ్వు పట్టుకో. గా ఒడ్డెంబడి నడిపియ్యి, అంతే. ఉడుకు నీళ్లల్ల చేతులు పెట్టుకొని వస్త."

నడిపించాను. పొగమంచులోంచి ఎవడో కర్ర పట్టుకుని నా మీదికే వస్తున్నాడు. మా ఆటలో సొంత జట్టువాళ్ల తల మీద పేరు కనిపిస్తుంది. పేరు లేనివాడు శత్రువు, ఆలోచిస్తూ కూర్చుంటే చస్తాం. వీడికి పేరు లేదు. నా వేలు అన్న మనిషి విల్లులోంచి బాణం వదిలేసింది. పడ్డాక చూస్తే ముసలాయన, చేతిలోది తెడ్డు. దీవికి దాటించే పడవవాడు అతనొక్కడే. ఆట దానంతటదే సేవ్ అయిపోయింది.

అన్న వచ్చి చూశాడు. వెనక్కి పోయే దారి ఉందేమోనని గంటసేపు వెతికాను, లేదు. ముసలాయన బతికున్నప్పటి సేవ్ చెరిగిపోయింది. నా చేతులు చూస్తే నాకే అసహ్యం వేసింది.

"మల్ల మొదట్నుంచి ఆడుదమన్నా. నువ్వు చెప్పు, నేను నొక్కుత."

"మొదట్నుంచి అంటే మూడేండ్లు. గప్పటిదాంక నేను కూసోనన్న కూసుంటనా?"

అన్న ఫోను తీసుకుని, వంగని వేలితో చాలాసేపు తంటాలు పడి, తన మనిషిని ఆ ముసలాయన పక్కన కూర్చోబెట్టాడు.

"ఇంకెవరన్న పడవ తీస్కొని వస్తరేమో, చూస్తుంటడు," అన్నాడు.

ఎవరూ రారని మూడేళ్లు ఆ ఆట ఆడినవాడికి తెలియదా!