నోరు తెరవని టెస్టర్

నేను ఒక టెస్టర్‌ని. అదేనండీ, మొన ప్లగ్గులో పెట్టి వెనక బొడిపె మీద వేలు ఆనిస్తే, కరెంటు ఉన్నప్పుడు ఎర్రగా వెలుగుతుందే, ఆ బుల్లి స్క్రూడ్రైవర్ని. ఏదో షెడ్డులో బోలెడంతమంది తోబుట్టువులతో పుట్టి, అట్టకు అతుక్కుని విశాఖపట్నం చేరాను.

నా మొదటి యజమాని గాజువాక ఎలక్ట్రీషియన్ అసిరినాయుడు. ఆయనకు నామీద ప్రేమ ఉందేమో గానీ నమ్మకం మాత్రం బొత్తిగా లేదు. ఏ ఇంటికెళ్ళినా ముందు ఫ్యాను తిరుగుతున్న గదిలో ప్లగ్గు వెతికి నన్ను అందులో పెట్టేవాడు. కరెంటున్న సంగతి కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటే మళ్ళీ నన్నడగడం ఎందుకని నాకు ఒళ్ళు మండేది. నేను వెలిగాకే ఆయన పనిలోకి దిగేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘నోరు తెరిపించడం’.

మోకాళ్ళు మొరాయించాక ఆయన నన్ను తన అన్న కూతురు గౌరీశ్వరి చేతిలో పెట్టాడు. ఆమె డిప్లొమా చదివి, కొత్త ఇళ్ళు తనిఖీ చేసే ఉద్యోగంలో అప్పుడే చేరింది. ఇల్లు కొన్నవాళ్ళు తాళాలు తీసుకునే ముందు వెళ్ళి చెమ్మ, బీటలు, వైరింగు చూసి చెప్పాలి.

“ఒలే గౌరీ, ముందు దీని నోరు తెరిపించాల. ఒకపాలి ‘ఉంది’ అన్నాకే ఇది ‘లేదు’ అంటే నమ్మాల. తెలిసిందేటి?” అన్నాడు అసిరినాయుడు.

“తెలిసిందిలే చిన్నాన్నా, ప్రతిదానికీ నువ్వింతే!” అని నవ్వేసింది.

మొదటిసారి ఒంటరిగా తనిఖీకి వెళ్ళే ముందురోజు ఆమె హడావిడి చూడాలి! చొక్కాకు ఇస్త్రీ, నచ్చక మళ్ళీ ఇస్త్రీ. అద్దం ముందు నిలబడి, “నమస్తే సార్, నేను హోమ్ ఇన్‌స్పెక్టర్ని” అని గొంతు మార్చి మార్చి చెప్పుకోవడం. పనిముట్ల సంచిలోంచి బయటికి తీసింది నన్నొక్కదాన్నే, అదీ బూటు పాలిష్ డబ్బా మూత లేపడానికి! మూత టప్పున ఊడింది, నేను జారి బండల మీద పడ్డాను. లోపలున్న గాజుబుడ్డి చిట్లిపోయింది. నా ప్రాణమంతా అందులోనే ఉంది. పైకి మాత్రం గీత కూడా పడలేదు కాబట్టి, నన్ను తుడిచి సంచిలో వేసేసింది. బూట్లు తళతళలాడాయి.

మర్నాడు మధురవాడలో ఒక ఫ్లాటు. కొన్నది భానోజీ, సుకన్య దంపతులు. ఎల్లుండే పాలు పొంగించాలని ముహూర్తం పెట్టుకున్నారు. వాళ్ళ చంటిది పండు, బిస్కెట్టు మూతికీ చేతులకీ పులుముకుని తల్లి చంకలో ఉంది. బిల్డరు తరఫు సైటింజినీరు గౌరి వెనకే తిరుగుతున్నాడు.

“అన్నీ దగ్గరుండి సూయించానండి. మీరు సంతకం పెట్టీండి, తాళాలిచ్చేత్తాం.”

బాత్రూములో గీజరు వేసి ఉంది. గౌరి నా మొన కుళాయికి ఆనించింది. ఓరి దేవుడా! కుళాయిలోకి కరెంటు వచ్చేస్తోంది. గీజరు లోపల ఏదో చెడింది, ఆ కరెంటును నేలలోకి పంపాల్సిన ఎర్తు వైరు లేదు. చెబుదామంటే నా దీపం పగిలిపోయింది. గౌరి నాకేసి చూసింది. నేను నల్లగా ఉండిపోయాను.

“కుళాయిలో కరెంటు లేదండి,” అంది ధీమాగా.

ఆ మాట విని సుకన్య పిల్లను దింపింది. “దా పండూ, సేతులు కడుక్కుందాం.” పండు వట్టి కాళ్ళతో తడి నేల మీద తప్పటడుగులు వేసుకుంటూ కుళాయి వైపు వచ్చేస్తోంది. వద్దే తల్లీ, ముట్టుకోకే అని నేను లోపల గింజుకుంటున్నాను. నా గోడు ఎవరికి వినిపిస్తుంది? గౌరి కలం మూత తీస్తూ, “లేదు,” అని మళ్ళీ తనలో తాను అనుకుంది. ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. పొద్దుట్నుంచి నేను ఒక్కసారైనా ‘ఉంది’ అనలేదు.

“ఆగండి! పాపని ముట్టుకోనివ్వకండి!”

సుకన్య పిల్ల గౌను పట్టి వెనక్కి లాగింది. అప్పటికే బిస్కెట్టు వేళ్ళు కుళాయిని అందుకోబోతున్నాయి. పండు గుక్కపట్టి ఏడ్చింది.

గౌరి హాల్లోకి పరుగెత్తింది. ప్లగ్గులో సైటింజినీరు ఫోను చార్జవుతోంది. చార్జరు పీకి నన్ను అందులో పెట్టింది. నేను వెలగలేదు.

“ఇందాక లేదన్నారు గదండీ?” అన్నాడు సైటింజినీరు.

“తప్పు చెప్పానండి. టెస్టరే పాడైపోయింది. బాత్రూములోకి ఎవరూ వెళ్ళకండి.”

కింద హార్డ్‌వేర్ కొట్లో ఇంకో టెస్టరు తెచ్చింది. అదే ప్లగ్గులో దాని నోరు తెరిపించింది. తర్వాత కుళాయికి ఆనిస్తే అది ఎర్రగా వెలిగింది. భానోజీ పండును గుండెలకు అదుముకుని అక్కడే చతికిలబడ్డాడు. సైటింజినీరు వెళ్ళి మెయిను ఆపేశాడు. గౌరి సంతకం పెట్టలేదు. కిందికి వచ్చి మెట్ల మీద కూచుని, నన్ను పిడికిట్లో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నన్ను పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది ఆమే. ఆఫీసు గోడకు మేకు మీద నేను వేలాడుతుంటాను. మొదటిరోజు నన్ను వాళ్ళ చేతికిచ్చి ప్లగ్గు చూపిస్తుంది. పెట్టి చూసి, “కరెంటు లేదు మేడమ్!” అంటారు ధీమాగా.

“ఇవాళ అది ఒక్కసారైనా ‘ఉంది’ అందా?” అని అడుగుతుంది గౌరి.

తల వంచుకుని తళతళలాడే తమ బూట్లకేసి చూసుకుంటారు.