అక్క పాటలకు బొమ్మలు

చెల్లెలికి కుదురు లేదని చిన్నప్పుడే పేరు పడింది. తింటూ తింటూ లేచి కిటికీ దాకా వెళ్లివస్తుంది. ఒక పని చేస్తుండగానే రెండో పని మొదలుపెడుతుంది. అందుకే అక్క ఆమెను పిచ్చుక అని పిలిచేది. ముప్పై ఆరేళ్లు వచ్చినా ఆ పేరు వదల్లేదు. టానిక్ సీసాల మీద, మందుల పెట్టెల మీద అచ్చువేసే బొమ్మలు గీయడం ఆమె ఉద్యోగం.

అక్క దర్జీపని చేస్తుంది. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కనే రేడియో. పొద్దున తలుపు తీసింది మొదలు రెండూ కలిసి మోగుతూనే ఉంటాయి. ఆ ఏడు వేసవిలో ఆమెకు కుడి చెవి పనిచేయడం మానేసింది. ఎడమది కూడా ఏడాది తిరిగేలోపు చాలావరకు పోతుందని చెవి డాక్టరు చెప్పాడు. అక్క మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, "ఆ రెండు ప్యాంట్లూ సాయంత్రానికి ఇచ్చెయ్యాలి, పద" అంది.

వెంట వెళ్లిన చెల్లెలికే ఆ రోజు నుంచి కాలు ఒకచోట నిలవలేదు. ఆఫీసులో దగ్గుమందు పెట్టె మీద తేనెటీగను సగం గీసి వదిలేసి వరండాలో తిరిగేది. నాలుగో రోజు సెలవు పెట్టి అక్క ఇంటికి వచ్చింది.

"నీకు బాగా ఇష్టమైన పాటలు పది చెప్పు."

"ఎందుకే?"

"బొమ్మలు గీసిపెడతాను. రేపు వినపడకపోయినా చూసుకుంటావు."

అక్క మిషను ఆపింది. "నేనింకా వింటూనే ఉన్నాను కదే పిచ్చుకా. నా చెవులకి అప్పుడే సంతాపసభ పెట్టేశావా?"

అయినా చెప్పింది. తొమ్మిది గబగబా చెప్పి, పదోది తర్వాత చెబుతానంది.

మొదటిది పడవవాడు పాడుకునే పాట. చెల్లెలు రెండు సాయంత్రాల్లో గీసేసింది. నది, పడవ, పైన చంద్రుడు, తెడ్డు పట్టుకున్న మనిషి. రంగులు సరిగా ఆరకముందే తీసుకొచ్చి అక్క ముందు పెట్టింది. అక్క కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పడవ బాగుంది. చంద్రుడూ బాగున్నాడు. మీ టానిక్ సీసా మీద వేస్తే నాలుగు ఎక్కువ అమ్ముడుపోతాయి."

"మరి?"

"ఇందులో పాటేదే?"

చెల్లెలికి ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లి మళ్లీ గీసింది. చంద్రుణ్ణి తీసేసింది. నదికి రంగు మార్చింది. ఆ రెండో బొమ్మా, తర్వాత గీసిన మూడోదీ నాలుగోదీ కూడా తిరిగొచ్చాయి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న ఆమెను చూసి బావ నవ్వాడు.

"మీ అక్కకి నేను నచ్చడానికే పద్నాలుగేళ్లు పట్టింది అమ్మాయ్. నువ్వు నాలుగు వారాల్లో తేల్చేద్దామంటే ఎలా?"

ఆమె నవ్వలేదు. చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చింది.

"నీకేం కావాలో నువ్వే చెప్పక్కా. ఇక్కడ టైం లేదు."

"టైం లేనిది నాకు. ఆ కంగారంతా నీదేంటి?"

"భయమేస్తోంది నాకు. రేపు నేను పిలిచినా నీకు వినపడదు." ఆమె గోడవైపు తిరిగింది.

అక్క మిషను దగ్గర్నుంచి లేచింది. తర్వాత ఫోనులో ఆ పడవపాట పెట్టి, చెల్లెల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు తెల్లకాగితం పరిచింది.

"పెన్సిలు పట్టుకో. పడవని మర్చిపో."

చెల్లెలి ఎడమ చేతి మీద అక్క తాళం వేయడం మొదలుపెట్టింది. దెబ్బ పడినచోట చెల్లెలు గీత ఒత్తి గీసింది. పాడేవాడు గొంతు సాగదీసినప్పుడు అక్క వేలు మణికట్టు నుంచి మోచేతి దాకా పాకింది. పెన్సిలు కాగితం అంచుదాకా పోయింది. పాట అయ్యేసరికి ఒత్తుగీతలు తెడ్డు పోట్లయ్యాయి, సాగిన గీతలు నీళ్లయ్యాయి. పడవవాడు మూలన గోరంత మిగిలాడు. అక్క ఆ కాగితాన్ని తీసుకుని గోడకు గుచ్చింది.

ఆపైన ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక పాట. తొమ్మిదో పాట నాటికి అక్క చెయ్యి ఆలస్యంగా పడసాగింది. ముందు చెల్లెలికి అర్థం కాలేదు. తర్వాత అర్థమై, పెన్సిలు ఒక్క క్షణం ఆగిపోయింది. ఫోనులో పాట ఒక అడుగు ముందు వెళుతోంది, అక్క జ్ఞాపకంలోంచి వేస్తున్న తాళం వెనకాల వస్తోంది. చెల్లెలు ఫోనును వదిలేసి అక్క చేతి తాళాన్నే పట్టుకుని గీసింది.

పదో పాట వంతు వచ్చిన ఆదివారం అక్క పెన్సిలు తానే తీసుకుంది. చెల్లెలు గదిలో అటూ ఇటూ తిరుగుతూ మధ్యమధ్య తొంగిచూసింది. దగ్గరదగ్గరగా చిన్న గీతలు పైకెక్కాయి, తర్వాత బోలెడంత ఖాళీ, ఆ తర్వాత ఒక మెలిక.

"ఏ పాట ఇది?" చెల్లెలు అక్క ఎడమ చెవి దగ్గర వంగి అడిగింది.

"నువ్వే చెప్పు."

చెల్లెలు తనకు తెలిసిన పాటల పేర్లన్నీ చెప్పింది. అక్క తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి తానే చిన్నగా కూనిరాగం తీసింది. శ్రుతి ఎక్కడో తప్పిపోయింది. అది రేడియోలో వచ్చిన పాటో, అక్క సొంతంగా అల్లుకున్నదో కూడా చెల్లెలికి అంతుపట్టలేదు. అక్క ఆపలేదు. పాడుకుంటూనే మిషను ముందుకు జరిగి, ఎవరివో చొక్కా చేతులు కుట్టడం మొదలుపెట్టింది.

చెల్లెలు ఆమె పక్కనే నిలబడి, ఆ రాగం వెంట కాగితం మీద వేలు నడిపింది. ఖాళీ దగ్గరకు రాగానే దారి తప్పింది. మళ్లీ మొదటి గీత దగ్గరకు వెళ్లింది.