సున్నం కొట్టిన గోడ

తనిఖీ బృందం పదిన్నరకి వస్తుంది. తొమ్మిదింటికి, పిల్లలు భోంచేసే వెనక వరండాలోకి అడుగుపెట్టిన అనూరాధ టీచర్ గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ తెల్లగా ఉంది.

నిన్నటిదాకా ఆ గోడ నిండా ఫాయిజా లెక్కలుండేవి. ఫాయిజా ఏడో తరగతి, వన్‌టౌన్‌లో టైల్స్ వేసే కరీం బాషా కూతురు. నాన్న పరిచిన నేల మీద గళ్ళు చూస్తూ జులైలో మొదలెట్టింది. నాలుగు గళ్ళలో చతురస్రాలు నాలుగు కాదు, అయిదు. తొమ్మిది గళ్ళలో పద్నాలుగు. ఎవరూ చెప్పకుండానే సూత్రం దాకా వెళ్ళింది, బొగ్గుముక్కతో, నిలబడి. కూర్చుంటే ఆలోచన రాదట. నోటుపుస్తకంలోకి ఎక్కించమని అనూరాధ నాలుగైదుసార్లు చెప్పి, తర్వాత తనే మరిచిపోయింది.

"ఏటి చేసేసావు అసిరమ్మా?"

ఆయా అసిరమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ సంబరంగా చెప్పింది. "ఆపీసర్లొత్తన్నారని తెల్లారగట్లే ఒచ్చి సున్నం కొట్టీసినాను మేడమ్. గోడంతా బొగ్గు గీతలే. సూసినోల్లేటనుకుంతారు?"

ఆమెను ఏమనాలి? తనిఖీ అంటే చాలు, మన బళ్ళలో ముందు సున్నం, తర్వాత ముగ్గు. చదువు సంగతి ఆ తర్వాత.

చురుకైన పిల్లలకు విడిగా నడిపే, అనూరాధది లాంటి ప్రతిభా తరగతులకు జవాబుదారీ ప్రమాణాలంటూ ప్రభుత్వం నలభై రెండు పేజీల పుస్తకం పంపింది. అందులో ఆరో అంశం అనూరాధను నెల రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. కనీసం ఒక్క బిడ్డయినా తరగతి స్థాయి దాటినట్టు, ఏడాది పొడుగునా, తేదీలతో సహా, సొంత చేతిరాతలో ఆధారం చూపాలి. లేకపోతే జూన్ నుంచి తరగతి ఉండదు. పద్దెనిమిది మంది పిల్లలూ మళ్ళీ అరవై మంది కిక్కిరిసిన గదుల్లో వెనక బెంచీలకు పోతారు. ఆ గోడ ఒక్కటే ఆమె ధైర్యం.

ఫోన్ తీసి వెతికింది. మరుగుదొడ్లు, తాగునీళ్ళు, భోజనం, రోజూ అన్నీ ఫొటో తీసి యాప్‌లో పెట్టేది, ఫోన్ నిండిపోతోందని వెంటనే చెరిపేసేది. గోడ కోసమని ఒక్కనాడూ ఫోన్ ఎత్తలేదు.

ఫాయిజా వచ్చింది. భుజాన సంచి దించకుండా గోడకేసి చూస్తూ నిలబడింది. ఏడిస్తే బాగుండుననిపించింది అనూరాధకు.

పదిన్నరకే బృందంతో వచ్చారు తనిఖీ అధికారి సత్యశ్రీ గారు, చేతిలో ట్యాబ్‌తో. ఆరో అంశం దగ్గర ఆగారు. అనూరాధ జరిగింది చెప్పింది.

"ఇప్పుడే బోర్డు మీద రాయిస్తానండీ. మీరే చూడండి."

"ఇవాళ రాసింది ఇవాళ్టి రాతే కదండీ. ఏడాది ఎదుగుదల ఏది?" సత్యశ్రీ గారు కఠినంగా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది. "సరే, భోజనం అంశం చూద్దాం."

ట్యాబ్‌లో, అనూరాధ యాప్‌లో పెట్టిన మధ్యాహ్న భోజనం ఫొటోలు తెరిచారు. జులై, ఆగస్టు, సెప్టెంబరు. పళ్ళాలు, గుడ్లు. పక్కనుంచి చూస్తున్న అనూరాధ ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"ఇది కాస్త పెద్దది చేయండి."

వరసగా కూర్చున్న పిల్లల వెనక గోడ. గోడ మీద లెక్క. మర్నాటి ఫొటోలో లెక్క ఇంకో రెండు వరసలు. ప్రతి ఫొటో అంచున తేదీ. ఇన్నాళ్ళూ గుడ్డు కనబడాలని గుడ్డుకేసే చూసింది అనూరాధ.

సత్యశ్రీ గారు మార్చి దాకా వచ్చి ఆగారు. ప్రతి ఫొటోలో ఒక పిల్ల కెమెరాకి వీపు పెట్టి, చెయ్యెత్తి రాస్తోంది.

"ఈ అమ్మాయి భోజనం చెయ్యదా?"

గుమ్మం దగ్గర్నుంచి అసిరమ్మ అంది: "తింటాదమ్మా. ముందు పిలిత్తే మర్సిపోతానంతాది. అందుకే పల్లెం మూతేసి దాసుంచుతాను. అయ్యేక తింటాది. లెక్కలని నాకు తెల్దమ్మా, ఆటనుకున్నాను."

ఆరో అంశం ఎదురుగా సత్యశ్రీ గారు 'ఆధారం ఉంది' అని రాశారు. పళ్ళెం గురించి రాయడానికి నలభై రెండు పేజీల్లో ఎక్కడా గడి లేదు.

అనూరాధ బల్ల సొరుగులోంచి బొగ్గుముక్క తెచ్చి ఫాయిజా చేతిలో పెట్టింది. ఆ పిల్ల వేలితో గోడ తాకి చూసింది.

"ఇంకా తడిగానే ఉంది మేడమ్. రేపు మొదలెడతాను."