వేలి జిడ్డు

పెద్దక్క అప్పటికే అబ్బాయి ఛాతీ విప్పేసింది.

అబ్బాయంటే ప్లాస్టిక్ బొమ్మ. తలా మొండెమే తప్ప కాళ్లూ చేతులూ లేవు, ఒళ్లంతా రొట్టెలా అడ్డంగా కోసిన పలకలు. స్కానింగులో మనిషి లోపల ఎంత రేడియేషన్ పడుతుందో మనిషిని కోసి చూడలేం కదా, అందుకని వీడు. పలకల గుంటల్లో బియ్యపుగింజంత స్ఫటికాలు పెట్టి, స్కాన్ చేసి, తీసి వేడి చేస్తే అవి తాగినదంతా వెలుగుగా కక్కేస్తాయి. ఆ వెలుగే లెక్క.

తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒడ్డెక్కించేసరికి పెద్దక్క పెళ్లి ఊసెత్తేవాళ్లే మిగల్లేదు. ప్రయోగశాలలో అందరూ బొమ్మను పెద్దక్క కొడుకంటారు. ఆమెకు కోపం రాదు. చెప్పిన మాట వినే మగవాడు తన బతుక్కి వీడొక్కడే దొరికాడంటుంది. ఇంటికెళ్తే పలకరించేది కుక్కరొక్కటే మరి.

ఇవాళ్టిది ఆఖరి కొలత కావచ్చు. ప్రయోగశాల నడిపే మేడమ్ రాసిన ప్రోగ్రాం స్కాన్ చిత్రాలు చూసి రేడియేషన్ మోతాదు చెప్పేస్తుందట. దాని అంకెలు అబ్బాయి అంకెలతో కలిస్తే బొమ్మ గోడౌనుకు, పెద్దక్క బిల్లులు రాసే గదికి. కలవకపోతే ఇంకో ఏడాది ఇద్దరూ ఇక్కడే. ఆ సంగతి చెబుతున్నప్పుడు మేడమ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. మంచి మనిషే పాపం.

స్ఫటికాలను గాలి పీల్చే పెన్నుతోనే ఎత్తాలి. వేలి జిడ్డు అంటిందా, వేడి చేసినప్పుడు లేని వెలుగు కనబడి అంకె తప్పుతుంది. గుండె దగ్గరి గుంట ఒక్కటే మిగిలింది. పెద్దక్క చేతి తొడుగు తీసింది. స్ఫటికాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రుద్దింది. ఎవరూ చూడలేదు. చూసినా చెయ్యి జారిందనుకుంటారు, అంతేగా.

రేపు ఈ అంకెను నమ్ముకునే ఎవరి పిల్లనో యంత్రంలో పడుకోబెడతారు. ఆ మాట తట్టగానే పెద్దక్కకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ స్ఫటికాన్ని ఒక సీసా మూతలో పడేసి, తొడుగు వేసుకుని, పెన్నుతో కొత్తది ఎత్తి గుంటలో పెట్టింది.

"ఊపిరి బిగబట్టు నాన్నా," అంది ఎప్పటిలాగే. రోగుల గదిలో పనిచేసిన నాటి అలవాటది. యంత్రం తిరిగి ఆగింది. "అయిపోయింది, వదిలెయ్."

సాయంత్రం మేడమ్ పరుగున వచ్చింది. గుమ్మంలో ఏదో గుర్తొచ్చి నవ్వు ఆపుకుంది.

"కలిశాయి పెద్దక్కా. ఎక్కడా తేడా లేదు."

"కలవకేం చేస్తాయమ్మా. వాడెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

మేడమ్ వెళ్లాక పెద్దక్క ఏడ్చింది. అచ్చం కొడుకును దూరం పంపుతున్నట్టే ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, అబ్బాయిని సర్దడానికి కూర్చుంది. పలకలు బిగించే ముందు మూతలోని స్ఫటికాన్ని ఉత్త చేత్తోనే తీసి గుండె గుంటలో పెట్టింది. మరలు బిగించి, లైటు ఆర్పి, సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అబ్బాయిని పెట్టిన పెట్టె గోడౌనుకు పోయింది. లోపల, గుండె దగ్గర, ఆమె వేలి జిడ్డు అంటిన, ఇక ఎవరూ వేడి చేయని ఒక స్ఫటికం ఉండిపోయింది.