రెండు నుంచి నాలుగు వరకు

"మెల్లగా. అది ఉలిక్కిపడుతుంది" అన్నాడు భర్త, గుమ్మంలో బూట్లు విప్పుతూ.

ఆమె సింకు దగ్గర పళ్ళేలు కడుగుతోంది. తనతోనే అన్నాడేమో అనుకుని చేతిలో ఉన్న పళ్ళేన్ని ఇంకాస్త నెమ్మదిగా బోర్లించింది. కాదు, వాళ్ళమ్మతో అంటున్నాడు. ఆ ఇంట్లో టీవీ వీధి చివరిదాకా వినబడుతుంది. అత్తగారికి ఒక చెవి మందం. రెండో చెవికి మాత్రం ఎదురింటి గుసగుసలు కూడా అందుతాయి. అలాంటి అత్తగారు మూతి కూడా తిప్పకుండా రిమోట్ అందుకుని సౌండు తగ్గించేసింది. పదకొండేళ్ళ కాపురంలో ఆ ఇల్లు అంత మెత్తగా ఉండడం ఆమె ఎరగదు. తడి చేతులతో అలాగే నిలబడిపోయింది, కుళాయి కట్టేస్తే ఆ మెత్తదనం చెదిరిపోతుందేమోనని.

పిల్లి వచ్చి వారం దాటింది. భర్త కంపెనీలో మేనేజరు మూడు నెలల శిక్షణకు వేరే ఊరు వెళ్తూ, భార్య కూడా వస్తోంది, పిల్లిని ఎవరి దగ్గర వదలాలో తెలియడం లేదని అన్నాడట. "మా ఇల్లుంది కదండీ" అని అందరికంటే ముందు భర్త చెయ్యెత్తాడు. ఇల్లంటే ఆమె అని మేనేజరుకు తెలియదు. భర్తకు తెలుసు గానీ చెప్పలేదు.

బుట్టలోంచి దిగిన దాన్ని చూసి అత్తగారు నీరుగారిపోయింది. "ఇంతేనా? ఇలాంటి బూడిదరంగువి మన గోడ మీద పది తిరుగుతుంటాయి."

"ఇది కోరాట్ అమ్మా. చాలా అరుదైన జాతి. దీని తాతముత్తాతల దాకా కాగితాలున్నాయి."

"మనకే లేవు కదరా అన్ని కాగితాలు" అంది ఆవిడ, చీర కుచ్చిళ్ళు పిల్లికి అందకుండా సర్దుకుంటూ.

పిల్లితో పాటు పద్నాలుగు పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. మేనేజరు భార్య స్వయంగా ఇంగ్లీషులో టైపు చేసి కుట్టించింది. భర్త రెండు పేజీలు తిప్పి ఆమె చేతికిచ్చాడు. "డిగ్రీ చదివావుగా, నువ్వే చదివి చెప్పు." ఆమె పుట్టింటి వంశంలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటి మనిషి ఆమె. వాళ్ళ నాన్న దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాడు. పెళ్ళయ్యాక ఆ చదువు మందుల చీటీలు చదవడానికి, గ్యాసు ఫారాలు నింపడానికి, కూతురి హోంవర్కుకు పనికొచ్చింది. ఇప్పుడు పిల్లికి పనికొస్తోంది. ఏదో ఒకదానికి పనికొస్తోంది కదా అని పుస్తకం తెరిచింది.

రోజూ సాయంత్రం ఒక పేజీ చదివి తెలుగులో చెప్పేది. అత్తగారు కాళ్ళు చాపుకుని, తొమ్మిదేళ్ళ కూతురు నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, భర్త టీ గ్లాసుతో, పురాణం విన్నట్టు వినేవాళ్ళు. ఈ జాతికి ఒంటి మీద ఒకటే పొర జుట్టు, పొట్టిగా, ఒంటికి అంటుకుని ఉంటుంది, పెద్దగా రాలదు. చిన్నప్పుడు తేనెరంగులో ఉండే కళ్ళు నిదానంగా పచ్చబడతాయి. పూర్తిగా పచ్చబడడానికి ఒక్కోసారి నాలుగేళ్ళు పడుతుంది. పూర్వం వీటిని అమ్మేవారు కారట. పెళ్ళికూతుళ్ళకు జతగా బహుమతి ఇచ్చేవారట.

"జతగానా? మంచి పనే" అంది అత్తగారు. "ఒకటి కోడలికి, ఒకటి అత్తగారికి. తగువుండదు."

ఏడో పేజీలో చెవుల సంగతి వచ్చింది. ఈ జాతి చెవి చాలా సూక్ష్మం, హఠాత్తు చప్పుళ్ళను భరించలేదు, గట్టిగా అరిచే ఇంట్లో ముడుచుకుపోతుంది. అంతే. మర్నాటికల్లా భర్త తలుపు బందులకు నూనె వేశాడు. స్నానాల గదిలోంచి "తువ్వాలూ" అని కేకేసే మనిషి, తడి కాళ్ళతో తనే వచ్చి తీసుకున్నాడు. కూతురు మునివేళ్ళ మీద నడిచింది. ఏ గదిలో ఉన్నా "ఏమ్మా, ఎక్కడున్నావ్?" అని పిలిచే అత్తగారు వంటగది దాకా నడిచొచ్చి, "కాస్త మంచినీళ్ళిస్తావా?" అని చెవిలో అడిగింది.

ఆమెకు కోపం రావాలి. అంత తొందరగా రాలేదు. ముందు ఆశ్చర్యం వచ్చింది, ఆ తర్వాత లెక్కలాగా ఒక జ్ఞాపకం వచ్చింది. తను నాలుగుసార్లు అడిగింది. పురుడయ్యాక ఒకసారి, పాప పడుకున్న ఆ గంటైనా ఎవరూ పిలవకండి అని. తలనొప్పులు మొదలైనప్పుడు రెండుసార్లు. పంటి డాక్టరు దగ్గర రిసెప్షన్లో ఆమె పని. ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా గోడ అవతల పళ్ళు తొలిచే మర తిరుగుతూనే ఉంటుంది, ఇవతల నొప్పితో వచ్చినవాళ్ళు ఆమె మీద అరుస్తూనే ఉంటారు. "కాస్త నవ్వుతూ మాట్లాడమ్మా, పేషంట్లు భయపడతారు" అంటాడు డాక్టరు. ఆయన చుట్టాలొస్తే టీ పెట్టేది కూడా ఆమే, నవ్వుతూనే. ఇంటికొచ్చాక ఒక్క గంట చప్పుడు లేకుండా పడుకుంటానంటే అత్తగారు అంది, "ఇల్లన్నాక చప్పుడు లేకుండా ఎలా ఉంటుందమ్మా, చప్పుడు లేనిది శ్మశానంలోనే." నాలుగోసారి, పోయినేడు, భర్తనే అడిగింది. "నీకు ఒక్కదానికే ఉందా తలకాయ?" అన్నాడు. నిజమే, అందరికీ తలకాయలున్నాయి. ఆ పూట అందరి తలకాయలకూ నూనె రాసింది కూడా ఆమే.

తొమ్మిదో పేజీలో తిండి గురించి ఉంది. ఆమె పేజీ తిప్పింది, చదవడం మొదలుపెట్టింది. గొంతు తనదే గానీ మాటలు ఎక్కడినుంచో వచ్చాయి.

"రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఈ పిల్లిని తలుపు మూసిన గదిలో, ఒకే మనిషి తోడుగా ఉంచాలి. ఆ సమయంలో తలుపు తట్టరాదు. లోపలి మనిషిని పిలవరాదు."

గొంతు వణకలేదు. దానికే ఆమె ఎక్కువ ఆశ్చర్యపోయింది.

"రోజూ రెండు గంటలా?" అన్నాడు భర్త. "ఎవరు కూర్చుంటారు?"

ఆమె పుస్తకం మూసింది. "నేనే చూసుకుంటాలెండి" అంది, మరో బరువు నెత్తినెత్తుకున్నట్టు.

"పాపం, అన్నీ నీ మీదే పడతాయి" అంది అత్తగారు, నిజంగానే జాలిపడి.

వెనకగదిలో పెట్టెలు, చుట్టిన పరుపులు, ఇస్త్రీ చేయాల్సిన బట్టల గుట్ట, ఒక కిటికీ. మొదటి రోజు పిల్లి పెట్టె మీద కూర్చుంది, ఆమె నేల మీద కూర్చుంది. ముక్కూమొహం తెలియని ఇద్దర్ని గదిలో పెట్టి తలుపేసినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. రెండో రోజు ఆమె గోడకు చేరగిలబడి నిద్రపోయింది. మూడో రోజు అలవాటుకొద్దీ చెయ్యి బట్టల గుట్ట మీదికి పోయింది. పిల్లి దూకి ఆ గుట్ట మీదే చుట్టుకుని పడుకుంది. లేవదీయబుద్ధి కాలేదు. ఇస్త్రీ ఆగిపోయింది.

ఆ తర్వాత రోజులకు తేదీలు లేవు. కిటికీలోంచి పడిన ఎండ నేల మీద నీళ్ళలా పాకేది, ఆమె పాదాల దాకా వచ్చి, కాసేపు నిలిచి, పెట్టెల మీదికి ఎక్కేది. పిల్లి ఎండతో పాటు జరిగేది, పిల్లితో పాటు ఆమె. దగ్గరగా చూస్తే ఆ జుట్టు ఒక్క రంగు కాదు. మొదట్లో లేతగా, పైకొచ్చేకొద్దీ ముదిరి, చిట్టచివర వెండి. వీపు మీద చెయ్యి ఆడిస్తే వాన పడబోయే ముందటి మబ్బును నిమిరినట్టుండేది. హృదయం బొమ్మ గీసి చెవులు పెట్టినట్టు ముఖం. కళ్ళు ఇంకా తేనెరంగే, నల్లపాప చుట్టూ మాత్రం సన్నటి పచ్చ అంచు. రెండేళ్ళు కూడా నిండలేదు దానికి. నాలుగేళ్ళు ఆగుతారు దాని కళ్ళ కోసం. కాపురానికొచ్చిన నాలుగో నెలలో, "ఇంకా మా ఇంటి పద్ధతి పట్టుబడలేదా?" అన్న మాట గుర్తొచ్చింది ఆమెకు. గుర్తొచ్చినా ఆ గదిలో ఆ మాటకు ముల్లు లేదు, దూరంగా పోతున్న బండి చప్పుడులా వచ్చి పోయింది.

ఆ గదిలో ఆమె ఏమీ చేయలేదు. పుస్తకం చదవలేదు, కుట్టుపని ముట్టుకోలేదు. మగత ఉండేది, మగతలో గది పడవలా కదిలేది. ఎప్పుడో సగంలో తెగిపోయిన ఆలోచనలు ఒక్కొక్కటే వచ్చి పక్కన కూర్చునేవి. ఎవరూ పిలవకపోతే ఒక ఆలోచన చివరిదాకా వెళ్తుందని ఆమెకు ముప్పై ఆరేళ్ళకు తెలిసింది. ఒకనాడు మగతలో తన తల్లి కనబడింది. నలుగురిళ్ళలో పనిచేసి వచ్చి మెట్టు మీద ఎండలో కాళ్ళు చాపి కూర్చునేది. ఎవరి అడుగైనా వినబడితే చాలు, చటుక్కున లేచి చీపురు అందుకునేది. "కూర్చున్న ఆడదాన్ని చూస్తే లోకానికి కళ్ళమంట" అనేది. పిల్లి వచ్చి ఆమె పొట్ట మీద ఎక్కి కూర్చుంది. లోపల చిన్న మర తిరుగుతున్నట్టు దాని గురగుర. మర చప్పుడు కూడా ఇంత హాయిగా ఉంటుందా అనుకుంది.

మూడు నెలలు కలలా గడిచాయి. తలనొప్పి ఎప్పుడు పోయిందో ఆమె గమనించనే లేదు.

మేనేజరు భార్య ఒక ఆదివారం ఉదయం వచ్చింది. పిల్లిని ఎత్తుకుని, బుగ్గకు ఆనించుకుని, చెవులు చూసి, కళ్ళు చూసి, "ఎంత ప్రశాంతంగా ఉందో, మా ఇంట్లో కూడా ఇలా ఉండదు" అంది.

భర్త పొంగిపోయాడు. "మీ పుస్తకం తూచా తప్పలేదండీ. ముఖ్యంగా ఆ మధ్యాహ్నం రూలు. రెండు నుంచి నాలుగు వరకు గది తలుపు మూసి, మనిషి తోడు. ఒక్క రోజు కూడా మానలేదు."

"మధ్యాహ్నం రూలా?" మేనేజరు భార్య నొసలు ముడిచింది. "నేనలాంటిదేమీ రాయలేదే?"

గదిలో అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి. మేనేజరు భార్యవి కూడా. ఆవిడ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో, నెమ్మదిగా, "ఆ... రాసే ఉంటాను. పద్నాలుగు పేజీలు కదా, నాకే గుర్తుండదు" అంది.

అందించిన చెయ్యి అది. పట్టుకుంటే సరిపోయేది. పిల్లి వెళ్ళిపోతుంది, అబద్ధం దానితో పాటే బుట్టలో వెళ్ళిపోతుంది, రేపు మధ్యాహ్నం రెండింటికి టీవీ మోగుతుంది.

"లేదండీ" అంది ఆమె. "మీరు రాయలేదు. నేనే కల్పించి చదివాను. నా కోసం."

మేనేజరు భార్య పిల్లిని బుట్టలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసింది.

గుమ్మం తలుపు మూయగానే భర్త అందుకున్నాడు. నూనె వేసిన తలుపు కాబట్టి చప్పుడు రాలేదు. చప్పుడంతా ఆయనే చేశాడు. "పైవాళ్ళ ముందు నా పరువు తీశావు. ఒక పిల్లిని అడ్డం పెట్టుకుని ఇంత నాటకమా? నోరు తెరిచి అడిగితే కాదంటామా?"

"అడిగాను."

"ఎప్పుడడిగావ్?"

"నాలుగుసార్లు" అంది. ఎప్పుడెప్పుడో, ఎవరేమన్నారో చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. భర్త తలకాయ మాట దగ్గర చూపు తిప్పుకున్నాడు. అత్తగారు శ్మశానం మాట దగ్గర, "నేనలా అన్నానా?" అని మనవరాలిని అడిగింది. ఆ పిల్లకప్పటికి ఐదేళ్ళు. అయినా "అన్నావు నాయనమ్మా" అంది.

మర్నాడు క్లినిక్ నుంచి వచ్చి, అత్తగారికి అన్నం పెట్టి, తను తిని, రెండింటికి వెనకగది వైపు నడిచింది.

"పిల్లి పోయిందిగా" అంది అత్తగారు. "ఇంకెందుకు అటు?"

"నాలుగింటికి వస్తాను అత్తయ్యా."

"అది కూడా లేకుండా, ఒక్కదానివీ రెండు గంటలు లోపల ఏం చేస్తావమ్మా?"

"ఏమీ చేయను" అంది ఆమె, తలుపు మూసుకుంది.

ముందుగదిలో టీవీ పెట్టారు. పాత సౌండే, వీధి చివరిదాకా. కాసేపటికి "ఏమ్మా, ఎక్కడున్నావ్?" అన్న పిలుపు వచ్చింది, ఎక్కడుందో తెలిసే. వినబడింది. స్పష్టంగా వినబడింది. ఆమె ఎండలోకి కాళ్ళు చాపుకుంది, పలకలేదు.