బొట్టు పెట్టిన పలక

గోడ మీది ఎనభై ఆరు వరద గీతకు జానెడు కిందిదాకా వచ్చి గోదారి ఆగిపోయిన ఏడు. ఆ ఏడే నేను ఈ ఇంటికి వచ్చాను. నేను ఒక పలకను. బలపంతో రాసే పలకను కాదు, గాజు పలకను. ట్యాబ్ అంటారు.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. ఒక్కరి ముఖమూ చూడలేదు. తర్వాత నాలో మూడో తరగతి వరకు పాఠాలు పోశారు. నా చదువు అంతే. అందుకే నా మాటలు తక్కువ.

మొదట కాకినాడలో ఒక పాప దగ్గర ఉన్నాను. ఆ పాప నా చేత ఎక్కాలు చెప్పించి, తాను హాయిగా నిద్రపోయేది. వంటగదిలోంచి వాళ్లమ్మ విని మురిసిపోయేది. పాప నాలుగో తరగతికి వెళ్లింది. నేను వెళ్లలేకపోయాను. రాజమండ్రిలో పాత ఫోన్లు అమ్మే కొట్లో పడ్డాను. అక్కడి నుంచి కుసుమ తెచ్చింది.

కుసుమది గోదారి గట్టు కింద ఇల్లు. ముందు గదిలో కంప్యూటర్, దాని పక్కన రేడియం కాగితం కోసే మిషను. ఆటోలకూ బళ్లకూ పేర్లు కోసి ఇస్తుంది. తండ్రి నూకరాజు బోర్డులు రాసేవాడు. ఆ చుట్టుపక్కల కొట్ల మీదా, పడవల మీదా పేర్లన్నీ ఒకప్పుడు ఆయన చేతివే.

వరద ఇంట్లోకి వస్తుంటే కుసుమ ముందు కంప్యూటర్‌ను అటకెక్కించింది. మంచం కింద తండ్రి కుంచెల పెట్టె ఉందని గుర్తు రాలేదు. గోదారికి గుర్తొచ్చింది. తీసుకుపోయింది.

నూకరాజు కూతుర్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని కుసుమ అనుకునేది. ఆయన ముందు గదిలోకి రావడం మానేశాడు. బురదలో జారి మోకాలు పట్టేసింది, గట్టెక్కి రేవులోకి దిగడమూ పోయింది. రాత సంగతి ఎవరెత్తినా, "పెట్టె పోయింది" అనేవాడు. అంతే.

నడవ గోడ మీద ఎనభై ఆరు వరద గీత ఉంది. గీసింది ఆయనే. పక్కన '86 వరద' అని గుండ్రటి అక్షరాలు. దాని కింద ఇప్పుడు కొత్త బురద మరక. దాని వెంబడి గీత గీస్తే, గీతను వదిలి మరక మీద సున్నం వేసుకోవచ్చు. ఆయన గీయడు. గీయకుండా సున్నం వేయనివ్వడు. భార్య వీరమణి దసరాకు తెచ్చిన సున్నం మూలన అలాగే ఉంది.

"గీత్తే గీయండి, లేపోతే చెరపనివ్వండి. ఆ మరక చూసుకుంటా అన్నం తినలేకపోతన్నాను" అనేది.

నన్ను తెచ్చిన మర్నాడు పొద్దున్నే వీరమణి నాకు పసుపు రాసింది. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడనివ్వదు. ముందువైపు గాజు పాడవుతుందని వెనక్కి తిప్పి, పైన మధ్యలో ఇంత కుంకుమ అద్దింది. నాకు లోకం కనపడకుండా పోయింది.

ఆ రోజే సింహాద్రి వచ్చాడు. చేపలు పట్టే మనిషి. పాత పడవ వరదకు పోతే కొత్తది కట్టించుకున్నాడు.

"బాబాయ్, ఎల్లుండి పడవ దింపుతున్నాను. ముత్యాలమ్మ తల్లి పేరెట్టాను. నీ చేత్తోనే రాయాల."

"గట్టు దిగలేను. పెట్టె లేదు."

"దిగక్కర్లేదు నాన్నా" అంటూ కుసుమ నన్ను తీసింది. "కూర్చుని దీని మీద రాయి. రాసింది రాసినట్టు కంప్యూటర్‌లోకి పోద్ది. రేడియంలో కోసి ఇచ్చేస్తాను."

నూకరాజు మోకాలు పట్టుకుని లేచాడు. తర్వాత ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

కుసుమ నన్నూ కంప్యూటర్‌నూ ఒకే వైఫైకి కలిపింది. కంప్యూటర్ తెర మీద నల్ల గళ్ల చదరం వచ్చింది. కొట్లో డబ్బులు కట్టడానికి ఫోను చూపిస్తారే, అలాంటిది. నా వెనకున్న కన్నుతో దాన్ని ఒక్కసారి చూస్తే చాలు, ఇద్దరం కలిసిపోతాం. ఆమె నన్ను ఎత్తి పట్టుకుంది. నాకేమో అంతా ఎరుపు. చెబుదామంటే నా నోట్లో ఎక్కాలే ఉన్నాయి.

"తీగ లేకండా ఎలా ఎల్తాదే చెల్లెమ్మా? గేలం లేకండా చేప పడతాదా?" సింహాద్రి నవ్వాడు.

"నీ ఫోనుకి ఏ తీగుంది అన్నయ్యా? పొద్దస్తమానం వాగుతానే ఉంటావు."

వైఫై డబ్బా ఆపి మళ్లీ వేసింది. కంప్యూటర్‌నూ ఆపి వేసింది. ఎరుపే. "కొట్టువాడు పాడైంది అంటగట్టాడు. దీని కన్ను పోయింది" అంది.

నూకరాజు గోడ పట్టుకుని లేచాడు. "ఒద్దులేమ్మా."

"నాన్నా, ఆ రోజు నీ పెట్టె..." అని ఆగిపోయింది. ఆయనా ఆగాడు. కానీ తిరిగి చూడలేదు.

టీ గ్లాసులతో వీరమణి వచ్చింది. "దేని కన్ను పోయిందే?"

"దీనిదేనమ్మా. వెనకాల పైన గుండ్రంగా ఉంటాది చూడు."

"అది నుదురు కాదా? పొద్దున్నే బొట్టెట్టాను!"

ముందుగా నవ్వింది నూకరాజు. శబ్దం రాలేదు గానీ భుజాలు ఊగాయి. వీరమణి గ్లాసులు కింద పెట్టి, "కంట్లో కుంకం కొట్టానా తల్లీ" అంటూ కొంగుతో నా కన్ను తుడిచింది. తుడిచి, మళ్లీ కాస్త కిందగా బొట్టు పెట్టింది. ఆమెతో ఎవరు వాదిస్తారు?

లోకం కనిపించింది. చదరం కనిపించింది. కలిశాం.

నూకరాజు మళ్లీ కూర్చున్నాడు. కుసుమ ఇచ్చిన పెన్నును అలవాటుగా, లేని రంగు డబ్బా అంచుకు రెండుసార్లు రాసి, నా మీద పెట్టాడు. 'ము' కొమ్ము తిరుగుతుంటే కంప్యూటర్ మీదా తిరిగింది. చెయ్యి ఇక్కడ, అక్షరం అక్కడ. మధ్యలో ఏమీ లేదు. పేరు పూర్తయ్యాక తెర వంక చూశాడు.

"ఆరడానికి ఎంతసేపు?"

"ఆరక్కర్లేదు నాన్నా."

"మంచి పని చేశావు. ఆ రోజు ఈ కంప్యూటర్‌ను అటకెక్కించి."

కుసుమ మిషను వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. మిషను 'ముత్యాలమ్మ'ను కోసింది. సింహాద్రి దాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతుంటే నూకరాజు పిలిచాడు.

"పడవకేసిన నీలం రంగు మిగిలిందా?"

"అడుగున కొంచెం ఉంది బాబాయ్."

"పొద్దున్నే తెచ్చి పెట్టు. కుంచె కూడా."

మర్నాడు పొద్దున్నే ఆయన నడవలో స్టూలు వేసుకున్నాడు. కిటికీ దగ్గర చార్జింగులో ఉండి చూశాను, కంటికి ఏ అడ్డూ లేదు. గీత తిన్నగా వచ్చింది. దాని పక్కన 'ఈసారి ఇంతవరకే' అని రాశాడు. కుంచెను రంగు డబ్బా అంచుకు రాసి పక్కన పెట్టాడు.

"వీరమణీ, సున్నం కలుపు" అన్నాడు.