నాన్న లైటింగ్

డాక్టర్ వీడియో కాల్ ఉన్న రోజున నాన్న గిరాకీని బయటే ఆపేస్తారు. స్టూడియో షట్టర్ సగానికి దించుతారు. ఎడమవైపు పెద్ద లైటు, దానికి తెల్ల గొడుగు, కుడివైపు నీడలు పోవడానికి తెల్ల అట్ట. మధ్యలో స్టూలు మీద మా అన్నయ్య. ఎదురుగా ట్రైపాడ్‌కి బిగించిన ఫోను. ఛాతీ దాకా మాత్రమే కనబడాలి, అచ్చం పాస్‌పోర్ట్ ఫోటోలో లాగా.

ఈ ఏర్పాట్లన్నీ చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

వీధిలో ఆయన్ని ఫోటో మాస్టారంటారు. ఎలాంటి ముఖాన్నయినా చూడబుద్ధేసేలా తీస్తారని పేరు. మసిపూసి మారేడుకాయ చేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఉద్యోగాల దరఖాస్తులకి తీసే ఫోటోల్లో చేసుకోమనండి, ఎవరొద్దన్నారు? మందు మోతాదు తేల్చే మనిషి ముందా ఈ విద్యంతా?

అన్నయ్యది మనసుకు వచ్చిన జబ్బు. పొంగితే రోజుల తరబడి కంటి మీద కునుకు లేకుండా ఊరంతా తిరుగుతాడు, కుంగితే మంచం దిగడు. మొదట్లో ఆస్పత్రిలో పెడితే కాళ్ళూ చేతులూ మంచానికి కట్టేశారు. నాన్న అది కళ్ళారా చూసి వచ్చి, చాలాకాలం సరిగ్గా అన్నం తినలేదు. అందుకే ఫోన్లో డాక్టర్ కనబడే యాప్ ఒకటి దొరికేసరికి ఆయన సంబరం ఇంతా అంతా కాదు. దాన్ని తెరిస్తే ముందుగా కనబడే మాట, ‘మీ చికిత్స మీ ఒక్కరి కోసమే’.

మందు పనిచేసింది, నేను కాదనను. కానీ పోయినసారి మోతాదు పెంచాక అన్నయ్య చేతులు వణకడం మొదలుపెట్టాయి. మొదట టీ కప్పు దగ్గర, తర్వాత చొక్కా బొత్తాల దగ్గర, చివరికి కెమెరా దగ్గర. పెళ్ళి మండపంలో రెప్పపాటు కూడా వదలకుండా పట్టే మనిషి. ఇప్పుడు తీసిన ప్రతి ఫోటో చెదిరిపోయి వస్తోంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని చెరిపేస్తుంటే వెనక నిలబడి చూస్తాడు. ఈమధ్య మాట కూడా ముద్దగా వస్తోంది. కంచం ముందు కూర్చుంటే కడుపులో తిప్పుతోందంటాడు.

యాప్ వాళ్ళకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో నాకే గుర్తులేదు. అవతలి అమ్మాయి మాత్రం ప్రతిసారీ తీయగా మాట్లాడేది.

“పేషెంట్ వీడియోలో చాలా బాగున్నారని డాక్టర్ గారు రాశారు మేడమ్.”

“చేతులు వణుకుతున్నాయండీ. చేతులు చూశారా ఆయన?”

“మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?”

ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. చేసిన సాయం ఒక్కటీ లేదు, ఇంకేమైనా కావాలట.

ఇవాళ పొద్దున కాల్‌కి ముందు అన్నయ్య నన్ను ప్రింటర్ పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. “ఈసారి కూడా ఇదే మందు రాస్తే మొత్తం మానేస్తా. నావల్ల కాదు.”

ఒకసారి ఇలాగే చెప్పాపెట్టకుండా మానేశాడు. ఎక్కడో బస్టాండులో దొరికాడు, చెప్పుల్లేకుండా, దారినపోయే వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి ఫోటోలు తీస్తూ. చేతిలో కెమెరా కూడా లేదు.

“మానేయకు. నోరు తెరిచి డాక్టర్‌తో చెప్పు.”

“లైటు పడిందంటే నవ్వు దానంతటదే వచ్చేస్తుందే. ఏం చెయ్యను? చిన్నప్పట్నుంచీ అదేగా నేర్పారు.”

నేను నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన గొడుగు సర్దుతున్నారు.

“అవన్నీ తీసెయ్యండి నాన్నా. ఎలా ఉన్నాడో అలా చూడనివ్వండి.”

“నువ్వూరుకో. పిచ్చోడిలా కనబడితే మళ్ళీ లాక్కెళ్ళి కట్టేస్తారు. నువ్వు చూళ్ళేదు. నేను చూశా.”

“సరే, కానివ్వండి. రేపు వాడికేమన్నా అయితే ఈ ఫోటోనే పెద్దది చేయించి గోడకి తగిలించుకుందాం. లైటింగ్ బాగా కుదిరింది.”

ఆ మాట అనకూడదని నాకు తెలుసు. కావాలనే అన్నాను. నాన్న ముఖం పాలిపోయింది, అయినా గొడుగు మీంచి చెయ్యి తియ్యలేదు. అంతలో ఫోన్ మోగింది.

డాక్టర్ చూపు మా మీద లేదు, పక్కనున్న మరో స్క్రీన్ మీద ఉంది. “నమస్కారం. ఎలా ఉన్నారు?”

ఫోన్ వెనక నిలబడ్డ నాన్న గడ్డం కొంచెం ఎత్తమని సైగ చేశారు. అన్నయ్య ఎత్తాడు. నవ్వాడు. రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని “బాగున్నానండి” అన్నాడు.

“నిద్ర పడుతోందా?”

“పడుతోందండి.”

“మాట కొంచెం ముద్దగా వినిపిస్తోంది. మీ నెట్ సరిగ్గా లేనట్టుంది. సరే, మనిషి చక్కగా ఉన్నారు. ఇదే మోతాదు మూడు నెలలకి రాస్తున్నా.”

నెట్టట. అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి గోడకున్న ప్లగ్గు లాగి పారేశాను.

“ఏమైంది? కనబడటం లేదు.”

“నెట్ కాదండీ. లైటు నేనే తీసేశా. మా అన్నయ్య చేతులు చూడండి.”

“ఏం చేస్తున్నావే” అంటూ నాన్న నా మీదికొచ్చారు. అప్పటికే ట్రైపాడ్ నుంచి ఫోన్ ఊడదీసి పట్టుకున్నాను. రెండో చేత్తో అన్నయ్యకి నీళ్ళ గ్లాసు అందించాను. వాడు నా ముఖంలోకీ నాన్న ముఖంలోకీ చూశాడు. తర్వాత తొడల కింది నుంచి చేతులు బయటికి తీసి గ్లాసు పట్టుకున్నాడు.

“చీకట్లో ఏమీ తెలియట్లేదమ్మా. చేతుల మీద వెలుతురు పెట్టండి” అన్నాడు డాక్టర్.

గ్లాసు అన్నయ్య పళ్ళకి తగిలి టకటకమంటోంది. అది విన్నాక నాన్న వంగి ప్లగ్గు పెట్టారు. గొడుగు ఊడదీసి కింద పడేశారు. లైటును స్టాండుతో సహా పక్కకి తెచ్చి కిందికి దించారు. చిన్న ముడత కూడా దాగని లైటు అది. తన జన్మలో ఏ గిరాకీకీ అలా పెట్టి ఉండరు.

“ఇంకాస్త ముందుకి నాన్నా. నీడ పడుతోంది” అన్నాడు అన్నయ్య.

నాన్న ముందుకి జరిపారు. నీళ్ళు చొక్కా మీదికీ ఒళ్ళోకీ ఒలికిపోతూనే ఉన్నాయి. డాక్టర్ ఈసారి మా వైపే చూస్తున్నాడు.

“ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?”

“మీరు చాలా బాగున్నారని రాసినప్పట్నుంచీ.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “మందు ఒంట్లో ఎక్కువైనట్టుంది. ఇంక ఒక్క మాత్ర కూడా వెయ్యొద్దు. ఇప్పుడే దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి, రక్తపరీక్ష చెయ్యాలి. వాళ్ళతో నేను మాట్లాడతాను. ఇలాంటివి ముందే చెప్పాలి కదమ్మా.”

“చెప్పానండీ. మీవాళ్ళు నమోదు చేసుకున్నారు.”

నా దగ్గర ఇంకా బోలెడు మాటలున్నాయి, కానీ వాటికిది సమయం కాదని ఫోన్ పెట్టేశాను.

ఆస్పత్రి అన్న మాట దగ్గరే నాన్న ఆగిపోయారు. లైటు స్టాండు వదలకుండా నిలబడ్డారు. “నేను మంచం పక్కనే కూర్చుంటా. ఎవడొచ్చి కడతాడో చూస్తా” అన్నారు, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు.

నేను ఆటో పిలిచి షట్టర్ పైకెత్తాను. అన్నయ్య తడిసిన చొక్కాతో, చెదిరిన జుట్టుతో గడప దగ్గరికి వచ్చాడు. నాన్న అలవాటు కొద్దీ జేబులోంచి దువ్వెన తీశారు. తీసి, వాడి ముఖంలోకి ఒకసారి చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

“అలాగే రా” అన్నారు.